బిడ్డ తరఫున సంతకం ఎవరు పెట్టాలి?

కోనసీమ గ్రామాల ప్రజలకు, పంచాయతీ పెద్దలకు విజ్ఞప్తి

పదో తరగతి దాటని ఆడవాళ్ళు గల్ఫ్‌లో ఇంటి పనికి వెళ్ళాలంటే 30 ఏళ్ళు నిండాలన్నది కేంద్రం నిబంధన. ఆ వయసుకి మన వైపు పిల్లల్లేని ఆడమనిషి ఎందరు? వెళ్ళేది తల్లులేనని సర్కారుకీ తెలుసు. పాస్‌పోర్టు చూస్తారు, మెడికల్ చేయిస్తారు, బీమా కట్టించుకుంటారు. పిల్లల్ని ఎవరికి అప్పజెప్పి వెళ్తున్నావమ్మా అని మాత్రం అడగరు. విజిట్ వీసా మీద పంపే ఏజెంటు సంగతి ఇక చెప్పేదేముంది!

పిల్లను అమ్మమ్మ సాకుతుంది. జడ వేస్తుంది, జ్వరమొస్తే రాత్రంతా కూర్చుంటుంది. బ్యాంకు ఖాతాకో, ఆపరేషన్‌కో వెళ్తే మాత్రం “తల్లో తండ్రో రావాలి” అంటారు. తండ్రి ఇంటిపట్టున ఉంటే సరే. వదిలేసి పోయినవాణ్ణి ఎక్కడ వెతకాలి? చట్టప్రకారం సంరక్షకురాలు కావాలంటే, వేలిముద్ర వేసే ఆ ముసలమ్మ 1890 నాటి చట్టం పట్టుకుని జిల్లా కోర్టుకెక్కాలి. తల్లితో మాట్లాడదామన్నా కువైట్ మనకన్నా రెండున్నర గంటలు వెనక. అక్కడ రాత్రి పదింటికి అంట్లు తోమడం అయ్యేసరికి ఇక్కడ పన్నెండున్నర.

అసలు తల్లుల్నే వెళ్ళనివ్వకండి అనే పెద్దమనుషులున్నారు. అయిదేళ్ళలోపు పిల్లలున్న తల్లుల్ని శ్రీలంక 2013లో అలాగే ఆపబోయింది. వెళ్ళక తప్పనివాళ్ళు దొంగదారి పట్టారు. ఆ పని మనకొద్దు. అప్పు తీర్చడానికీ, ఆ పిల్ల చదువుకీ కాకపోతే ఆమె ఎందుకు వెళ్తుంది?

కర్నూలు వలస కూలీల పిల్లల కోసం సీజనల్ హాస్టళ్లు పెట్టారు. సముద్రం దాటినవాళ్ళ పిల్లలు ఎవరికీ గుర్తు రాలేదు. మేం అడిగేది ఒక్క కాగితం. వెళ్ళేముందు తల్లి గ్రామ సచివాలయంలో సంరక్షకుల పేరు రాసివ్వాలి, హెడ్మాస్టరు సాక్షి సంతకం పెట్టాలి. బడిలో, ఆసుపత్రిలో అది చెల్లేలా ప్రభుత్వం జీవో ఇవ్వాలి, బ్యాంకుల్ని ఒప్పించాలి. సచివాలయం మహిళా పోలీసు నెలకోసారి వెళ్ళి పిల్లతో మాట్లాడాలి. ఇంట్లోవాళ్ళ ముందు కాదు, విడిగా. ఆపద ఒక్కోసారి ఆ ఇంట్లోంచే వస్తుంది. ఈలోగా అలాంటిదేదైనా మీ కంటబడితే పిల్లల హెల్ప్‌లైన్ 1098కి ఫోన్ చేయండి.

జనవరి 26 గ్రామసభలో దీన్ని తీర్మానంగా పెట్టించండి, ప్రతిని కలెక్టరుకు పంపించండి. ఈ కరపత్రాన్ని ఫొటో తీసి కువైట్‌లో ఉన్న మీ ఆడపడుచులకు వాట్సాప్ చేయండి. ఎవరి పేరు రాయాలో చెప్పాల్సింది వాళ్ళే.