ఎడారి వనభోజనాలకు క్యాంపునూ పిలవండి

చలికాలం వస్తే గల్ఫ్‌లోని తెలుగు కుటుంబాలు ఎడారి బాట పడతాయి. పొద్దున్నే పులిహోర కలుపుకుని, పిల్లల్ని కార్లో ఎక్కించుకుని వెళ్లి చీకటి పడేలోగా ఇల్లు చేరతాయి. అబుదాబి నగరానికి గంటలోపు దూరంలో అల్ వత్బా శిలా దిబ్బలున్నాయి. గాలి పోగుచేసిన ఇసుకను భూగర్భజలంలోని సున్నం గట్టిపరిచి రాయి చేస్తే, మళ్లీ ఆ గాలే దాన్ని వింత ఆకారాల్లో చెక్కింది. 2022లో నడకదారులు వేసి సందర్శకులకు తెరిచిన ఈ చోట ప్రవేశ రుసుము లేదు. షార్జా ఎడారిలోని ఫాయా ప్రాంతంలో రెండు లక్షల ఏళ్ల నాటి మానవుల జాడలు దొరికాయి. 2025లో యునెస్కో దాన్ని ప్రపంచ వారసత్వ జాబితాలో చేర్చింది. చూసి తీరవలసిన చోట్లే ఇవన్నీ. కానీ జగిత్యాల, కోరుట్ల, సిరిసిల్ల పల్లెల నుంచి వెళ్లి ఆ దేశాల్లో రోడ్లు, మేడలు కట్టినవాళ్లలో ఎందరు వీటిని చూడగలుగుతున్నారు?

అడ్డు వాళ్ల ఆసక్తి కాదు, నిబంధనలు. యూఏఈలో భార్యాపిల్లల్ని తెచ్చుకోవాలంటే నెలకు 4,000 దిర్హాములు, లేదా 3,000 దిర్హాములతో పాటు కంపెనీ వసతి ఉండాలి. కార్మికుల క్యాంపులో ఉండే మామూలు కూలీ జీతం దాని దరిదాపుల్లో ఉండదు. అందుకే కుటుంబంతో విహారం జీతాన్ని బట్టి దక్కే భాగ్యమైంది. ఆ గీతను మనం చెరపలేకపోవచ్చు. కానీ మన సంఘాలు కార్తీకంలో జరిపే వనభోజనాల్లోనూ అదే గీత ఎందుకుండాలి? సోనాపూర్, ముసఫా క్యాంపులకు ఒక బస్సు పంపితే చాలు. రోజూ కూలీల్ని పనికి చేర్చే కంపెనీ బస్సు సెలవు రోజున ఖాళీగానే నిలిచి ఉంటుంది.

జీతాల బకాయిలు, ఏజెంట్ల మోసాలు, శవపేటికలు ఉండగా షికార్ల మాటేమిటని కొందరంటారు. ఆ పోరాటాలు ఆగకూడదు, నిజమే. అయితే విశ్రాంతి కూడా హక్కే. వారానికి కనీసం ఒక రోజు సెలవు యూఏఈ కార్మిక చట్టంలోనే ఉంది. రోజూ ఇసుకలో పనిచేసేవాడికి ఇసుక చూపించడమేమిటన్నది మరో ప్రశ్న. ఎండ ఎంత ప్రాణాంతకమో ప్రభుత్వానికీ తెలుసు కాబట్టే జూన్ 15 నుంచి సెప్టెంబర్ 15 దాకా మధ్యాహ్నం 12.30 నుంచి 3 గంటల వరకు ఆరుబయట పనిని నిషేధించింది. అలాంటి ఎండలో తట్టల్లో మోసిన ఇసుక వేరు. చల్లటి పూట, ఎవరి హుకుమూ లేకుండా నడిచే ఇసుక వేరు. అలసినవాడు నిద్రే కోరుకుంటే పడుకోనివ్వాలి. పిలుపు మాత్రం అందరికీ అందాలి.

దీనివల్ల ఇంటికీ మేలే. ఇల్లాలికి, పిల్లలకు వీడియో కాల్‌లో మేడలే కాక ఆ నేల కూడా కనిపిస్తుంది. తండ్రి ఎక్కడ బతుకుతున్నాడో తెలుస్తుంది. పెద్ద ఉద్యోగాల్లో ఉన్నవారు, చిన్న కూలీలు ఒకే బంతిలో కూర్చుంటే ఆపదలో ఎవరికి ఫోన్ చేయాలో కూడా తెలుస్తుంది. అందుకే గల్ఫ్ తెలుగు సంఘాలు ఈ చలికాలం నుంచే వనభోజనాల్లో సగం చోటు క్యాంపులకు కేటాయించాలి. సొంత కారున్నవారు తమ మండలం మనిషిని ఒక్కడినైనా వెంట తీసుకెళ్లాలి.