స్కాన్ దాకా చేరని పిల్లల సంగతేంటి?

పిల్లల మెదడులో కణితి తీసేటప్పుడు సర్జన్‌కు దారి చూపే పద్ధతిని న్యూరోనావిగేషన్ అంటారు. ముందే తీసిన ఎంఆర్ఐ చిత్రాలను కంప్యూటర్‌లోకి ఎక్కిస్తారు. పరికరం మొన మెదడులో ఎక్కడుందో తెర మీద కనిపిస్తుంది. పసివాళ్ల పుర్రె పలచన. అందుకే తలను పిన్నులతో బిగించకుండా అయస్కాంత క్షేత్రంతో గుర్తించే పద్ధతి కూడా వచ్చింది.

అయితే అన్నిటికీ మొదలు స్కాన్. మా వాడల్లో పిల్లకు పొద్దున్నే తలనొప్పి, వాంతులు అంటే ఆర్ఎంపీ ఇచ్చే మాత్రలే దిక్కు. నడక తూలేదాకా, చూపు మందగించేదాకా రోజులు గడిచిపోతాయి. పెద్దాసుపత్రికి పోతే ఇంట్లో ఇద్దరి కూలి పోతుంది.

తెలంగాణలో 2023 డిసెంబరులో ఆరోగ్యశ్రీ పరిమితిని 10 లక్షల రూపాయలకు పెంచారు. మంచిదే. కానీ పరిమితి పెంచినంత మాత్రాన జబ్బును తొలిదశలో పట్టే వైద్యుడు వాడకు రాడు.

మేం అడిగేవి మూడు. జిల్లా ఆసుపత్రుల్లో పిల్లలకు మత్తు డాక్టరుతో సహా ఉచిత ఎంఆర్ఐ ఉండాలి. ఈ లక్షణాలను గుర్తించేలా ఆశా కార్యకర్తలకు శిక్షణ ఇవ్వాలి. ఈ ఆపరేషన్లు ఏ కులాల పిల్లలకు, ఏ దశలో అందుతున్నాయో ప్రభుత్వం లెక్క చెప్పాలి. ఆర్టికల్ 21 ఇచ్చిన జీవించే హక్కు మా పిల్లలకూ ఉంది.