పడవొస్తేనే ఇంటికి!

ఎగ్, రమ్, మక్, కానా... హోటల్లో సర్వర్ గడగడా అప్పజెప్పే జాబితా అనుకునేరు. స్కాట్లాండ్ పడమటి తీరంలోని నాలుగు బుల్లి ద్వీపాల పేర్లివి. అన్నింటి జనాభా కలిపినా రెండొందల లోపే. వాళ్లకి కిరాణా సరుకు రావాలన్నా, ఉత్తరం అందాలన్నా మాలెగ్ రేవు నుంచి 'లాక్‌నెవిస్' పడవ కదలాల్సిందే. అదీ ఒక్కో ద్వీపానికి వారంలో కొన్ని రోజులే!

పెద్దల సంగతి సరే, పిల్లలకి అసలు కష్టం. ద్వీపాల్లో ప్రాథమిక పాఠశాలకు మించి చదువు లేదు. హైస్కూలుకు మాలెగ్ వచ్చి హాస్టల్లో ఉండాలి. వారాంతంలో ఇంటికి వెళ్లాలంటే మళ్లీ ఆ పడవే. చలికాలంలో గాలివాన ముదిరి పడవ ఆగిందా... ఆ వారానికి అమ్మ చేతి వంట లేనట్టే.

ఈ పడవను నడిపేది ప్రభుత్వ సంస్థ 'కలెడోనియన్ మ్యాక్‌బ్రేన్'. అందరూ ముద్దుగా 'కాల్‌మ్యాక్' అంటారు. 1973 నుంచీ ఆ పేరుతో నడుస్తోంది. ఇరవైకి పైగా ద్వీపాలకు అదే దిక్కు. మన పల్లెవెలుగు బస్సులాగే, టిక్కెట్ల డబ్బుతో ఖర్చులు గిట్టవు. లోటును సర్కారు భరిస్తుంది. అంతేకాదు, అంతే దూరం రోడ్డు మీద వెళితే ఎంతవుతుందో లెక్కగట్టి, దాన్నిబట్టి పడవ ఛార్జీ పెట్టే పద్ధతిని 2008లో మొదలుపెట్టి క్రమంగా విస్తరించారు.

లాక్‌నెవిస్ 2000లో వచ్చింది. దీని వెనకభాగంలో పొడవాటి ర్యాంపు ఉంటుంది. పడవ లోతు నీళ్లలోనే నిలబడి, ర్యాంపును ఒడ్డుకు చాపుతుంది. ఒడ్డున అందుకు తగ్గ ఏర్పాట్లు జరిగేదాకా ఎగ్ లాంటిచోట్ల పిల్లాపాపలతో, మూటాముల్లెతో నీళ్లమీదే చిన్న పడవలోకి దిగాల్సొచ్చేది!

సర్కారు చేతిలో ఉంటే అంతా సాఫీగా సాగుతుందనుకుంటే పొరపాటే. 2015లో రెండు పెద్ద ఓడలకు 9.7 కోట్ల పౌండ్లతో ఆర్డరిచ్చారు. మొదటిదైన 'గ్లెన్ శానక్స్' 2017లో అట్టహాసంగా నీళ్లలోకి దిగింది. తీరా చూస్తే కిటికీలు ఉండాల్సినచోట రంగుతో గీసిన కిటికీలు! చివరికి నౌకా నిర్మాణ కేంద్రాన్నే 2019లో ప్రభుత్వం తీసుకుంది. ఆ ఓడ ప్రయాణికులను ఎక్కించుకున్నది 2025 జనవరిలో. రెండింటి ఖర్చు నాలుగు రెట్లు దాటిపోయింది. ఆ ఆలస్యమంతా పాత ఓడల మీద పడింది. అవి మొరాయించినప్పుడల్లా ఇబ్బంది ద్వీపాలవాళ్లకే.

అలాగని వాళ్లు చేతులు ముడుచుకు కూర్చునే రకం కాదు. ఎగ్ వాసులు చందాలు పోగేసి, 1997లో ట్రస్టు పేరున ద్వీపాన్నే కొనేశారు. 2008 నుంచి సెలయేళ్లు, గాలి, ఎండలతో సొంతంగా కరెంటు తయారుచేసుకుంటున్నారు. భూమి తమదే, దీపమూ తమదే. పడవ దగ్గరికొచ్చేసరికి మాత్రం సర్కారు వైపు చూడక తప్పదు.

అందుకే గాలి జోరందుకుంటే చాలు... ఇటు హాస్టల్లో పిల్లలు, అటు వంటింట్లో అమ్మలు, సముద్రం వంకే చూస్తుంటారు.