మోకాలికి స్టెరాయిడ్ ఇంజెక్షన్.. నొప్పి తగ్గుతోంది సరే, లోపల ఏం జరుగుతోంది?

మోకాలి నొప్పితో మెట్లు ఎక్కలేని చాలామందికి స్టెరాయిడ్ ఇంజెక్షన్ పడితే కొద్ది రోజుల్లోనే హాయిగా అనిపిస్తుంది. అందుకే నొప్పి తిరగబెట్టగానే మళ్లీ అదే సూది కావాలంటారు. అయితే ఆ సూది కీలును త్వరగా దెబ్బతీస్తోందా? కొన్నేళ్లుగా డాక్టర్ల మధ్య నడుస్తున్న ఈ చర్చ ఇంకా తేలలేదు.

ముందు ఒక కన్‌ఫ్యూజన్ క్లియర్ చేసుకోవాలి. మన దగ్గర మోకాలికి ఏ సూది వేసినా 'గుజ్జు ఇంజెక్షన్' అనేసేవాళ్లు ఉన్నారు. జెల్‌లా ఉండే హైలురోనిక్ యాసిడ్ వేరు, స్టెరాయిడ్ వేరు. స్టెరాయిడ్ కీలులో వాపును అణుస్తుంది. అంతేగానీ అరిగిన గుజ్జును తిరిగి పెంచదు.

అనుమానం పెంచింది 2017లో 'జామా' మెడికల్ జర్నల్‌లో వచ్చిన అమెరికా స్టడీ. మోకీళ్లు అరిగిన 140 మందిని రెండు గ్రూపులు చేశారు. మూడు నెలలకోసారి, రెండేళ్ల పాటు ఒక గ్రూపుకు స్టెరాయిడ్, రెండో గ్రూపుకు ఉప్పునీటి సెలైన్ ఇచ్చారు. ఎంఆర్ఐ తీస్తే స్టెరాయిడ్ గ్రూపులో గుజ్జు 0.21 మిల్లీమీటర్లు తగ్గింది, సెలైన్ గ్రూపులో 0.10 మాత్రమే. మరి నొప్పి? రెండు గ్రూపుల మధ్య చెప్పుకోదగ్గ తేడా లేదు! కాకపోతే నొప్పిని మూడు నెలలకోసారే కొలిచారు కాబట్టి, మధ్యలో కొన్ని వారాల ఉపశమనం లెక్కలోకి రాకపోయి ఉండొచ్చు.

2019లో బోస్టన్ డాక్టర్లు 'రేడియాలజీ' జర్నల్‌లో ఇంకో లెక్క బయటపెట్టారు. తుంటికి లేదా మోకాలికి ఇంజెక్షన్ తీసుకున్న 459 మందిలో 36 మందికి, అంటే దాదాపు 8 శాతం మందికి, తర్వాత కీలులో సమస్యలు కనిపించాయి. ఎక్కువ మందిలో అరుగుదల వేగం పెరిగింది. కొద్దిమందిలో ఎముక చచ్చుబడటం, సన్నటి పగుళ్లు, కీలు వేగంగా కూలిపోవడం లాంటివీ ఉన్నాయి.

ఇందులో పేషెంట్లకు బాగా పనికొచ్చే పాయింట్ ఆ పగుళ్ల దగ్గరే ఉంది. గుజ్జు కింది ఎముకలో సన్నగా పగులు వస్తే మామూలు ఎక్స్‌రేలో కనిపించకపోవచ్చు. నొప్పి మాత్రం విపరీతంగా ఉంటుంది. దాన్ని అరుగుదల నొప్పి అనుకుని సూది వేస్తే, నొప్పి తగ్గిన మనిషి మామూలుగా నడిచేస్తాడు, ఆ కాలి మీద బరువు పడుతూనే ఉంటుంది. అందుకే ఎక్స్‌రేలో పెద్దగా అరుగుదల లేకుండా నొప్పి భరించలేనంతగా ఉంటే, ఇంజెక్షన్‌కు ముందు ఎంఆర్ఐ అవసరమా అని డాక్టర్‌ను అడగడం మంచిది.

అలాగని ఇంజెక్షన్ అంటేనే భయపడాల్సిన పని లేదు. బోస్టన్ స్టడీలో సూది తీసుకోనివాళ్లతో పోలిక లేదు. ఆ డ్యామేజ్ సూది వల్లే జరిగిందా, జబ్బు ముదిరి జరిగిందా అన్నది అందులో తేలదు. అమెరికన్ కాలేజ్ ఆఫ్ రుమటాలజీ గైడ్‌లైన్స్ అయితే మోకాలు, తుంటి అరుగుదలకు ఈ ఇంజెక్షన్లను గట్టిగానే సిఫార్సు చేస్తున్నాయి. ఇక రుమటాయిడ్ ఆర్థరైటిస్ లెక్కే వేరు. అక్కడ కీలును తినేసేది వాపే కాబట్టి, దాన్ని అణచడం అవసరం.

అసలు చిక్కు ఒక్క సూదితో కాదు, నెలల తరబడి అదే పనిగా తీసుకోవడంతో. 2020లో 'న్యూ ఇంగ్లండ్ జర్నల్ ఆఫ్ మెడిసిన్'లో వచ్చిన స్టడీలో, ఏడాది తర్వాత చూస్తే ఇంజెక్షన్ తీసుకున్నవాళ్ల కంటే ఫిజియోథెరపీ చేయించుకున్నవాళ్లకే నొప్పి, ఇబ్బంది తక్కువగా ఉన్నాయి. సూదికి నిమిషాలు చాలు, ఎక్సర్‌సైజ్‌కు వారాలు పడుతుంది. మరి జనం దేనివైపు మొగ్గుతారో చెప్పక్కర్లేదు.

షుగర్ ఉన్నవాళ్లకు ఇంజెక్షన్ తర్వాత కొన్ని రోజులు షుగర్ లెవెల్స్ పెరగొచ్చు కాబట్టి ఆ విషయం డాక్టర్‌కు ముందే చెప్పాలి. మోకాలి మార్పిడి సర్జరీ ఆలోచన ఉన్నవాళ్లు కూడా అంతే. ఇన్ఫెక్షన్ రిస్క్ దృష్ట్యా, సూది పడిన తర్వాత ఆపరేషన్‌కు సాధారణంగా మూడు నెలలు ఆగమంటారు.