చదువుకు తోడు శిక్షణ

ప్రతి సంవత్సరము ఉత్తీర్ణులైన విద్యార్థుల పట్టికను చూచి మేము సంతోషిస్తాము. ఆ పట్టికలో పేరున్న విద్యార్థి ఆ తరువాత ఏమైనాడన్న ప్రశ్నను మాత్రం అంత తరచుగా వేసుకోము. ఈసారి ఆ ప్రశ్నను విద్యార్థుల ముందు, పాలకవర్గ పెద్దల ముందు ఉంచదలచాము.

కొన్నేళ్ళ క్రితం మా వద్ద చదివిన ఒక విద్యార్థి ప్రథమ శ్రేణిలో డిగ్రీ పూర్తిచేసి, ఒక ఉద్యోగానికి ఇంటర్వ్యూకు వెళ్ళాడు. మరునాడు ముఖం చిన్నబుచ్చుకొని మా ఇంటికి వచ్చాడు. "మీ ఊరిని గురించి రెండు నిమిషాలు చెప్పమన్నారు సార్, నోరు పెగలలేదు" అన్నాడు. ఊరు తెలియక కాదు, భాష రాక కాదు. ఇంట ఉర్దూ, వీధిలో తెలుగు ధారాళంగా మాట్లాడే పిల్లవాడే. పరాయివారి ముందు నిలిచి పలకడం అతనికి అలవాటు లేదు. "మూడేళ్ళలో నిన్నెవరూ లేపి మాట్లాడించలేదా?" అని అడగబోయి ఆగిపోయాము. ఆ 'ఎవరూ' అన్న మాటలో మేమూ ఉన్నాము గదా!

ఉర్దూలో తాలీమ్, తర్బియత్ అని రెండు మాటలను జంటగా వాడుతారు. తాలీమ్ అంటే బోధన. తర్బియత్ అంటే మనిషిని దగ్గరుండి తీర్చిదిద్దడం. తెలుగున మనం తర్ఫీదు అంటున్నది దాదాపు ఇదే. బోధన అరవై మందికి ఒక్కసారిగా చేయవచ్చును. తర్ఫీదు ఒక్కొక్కరిని చూచి చేయవలసినది. మన కళాశాలలో మొదటిది జరుగుతున్నది, రెండవది జరుగుట లేదు. మా అభియోగమంతా ఇంతే. ఇందులో మొదటి ముద్దాయిలము మేమే.

తర్ఫీదు ఏమి చేయగలదో తెలుసుకొనుటకు దూర దేశాలకు పోనక్కరలేదు. మన హైదరాబాదులో సయ్యద్ అబ్దుల్ రహీం అనే బడిపంతులు ఉండేవారు. ఊరంతా ఆయనను రహీం సాబ్ అనేది. ఆయన శిక్షణలో హైదరాబాదు నగర పోలీసు జట్టు 1950 నుండి 1954 వరకు వరుసగా 5 సార్లు రోవర్స్ కప్పు గెలిచింది. ఆయన తీర్చిన భారత ఫుట్‌బాల్ జట్టు 1951లో ఢిల్లీలోను, 1962లో జకార్తాలోను ఆసియా క్రీడల స్వర్ణపతకం సాధించింది. నడుమ 1956 మెల్బోర్న్ ఒలింపిక్స్‌లో నాలుగవ స్థానం పొందింది.

ఈ విజయాలకంటె ఆయన పద్ధతి మనకు ముఖ్యము. ఆటగాళ్ళు తమ బలహీనమైన కాలితోనే ఆడవలసిన పోటీలు ఆయన పెట్టేవారు. కుడికాలి వాటము గలవాడు ఎడమకాలితో తన్నవలె. చూచేవారు నవ్వినా సరే, ఆ నవ్వు మైదానంలోనే అయిపోతుంది, అసలు పోటీనాటికి రెండు కాళ్ళూ సిద్ధమవుతాయి. సికింద్రాబాదు సమీపాన అమ్ముగూడలోని పేద కుటుంబంలో పుట్టిన తులసీదాస్ బలరాంకు శిక్షణకు వచ్చే దారి ఖర్చు కూడా లేకపోతే, సైకిలు అద్దె ఆయనే ఇచ్చేవారు. ఆ బలరామే తరువాత రెండు ఒలింపిక్స్‌లలో ఆడాడు.

జకార్తా కథ మరీ గమనించదగినది. మొదటి ఆటలో దక్షిణ కొరియా చేతిలో మనవారు 2–0తో ఓడిపోయారు. రక్షణ పంక్తిలో ఆడే జర్నైల్ సింగ్ తలకు తరువాతి ఆటలో గాయమై కుట్లు పడ్డాయి. రహీం సాబ్ అతనిని ఇంటికి పంపలేదు, ముందు వరుసకు మార్చారు. తుదిపోటీలో అదే దక్షిణ కొరియాపై మనవారు 2–1తో గెలిచారు. ఆ రెండు గోళ్ళలో ఒకటి జర్నైల్ సింగుది. ఒకచోట పనికిరాడనుకొన్నవాడు మరొకచోట అక్కరకు వస్తాడని గుర్తించుటే శిక్షకుని పని. అప్పటికే ఊపిరితిత్తుల క్యాన్సరుతో బాధపడుతున్న రహీం సాబ్ 1963 జూన్‌లో కన్నుమూశారు.

ఈనాడు శిక్షణ అనగానే అశోక్‌నగర్, అమీర్‌పేటలలోని కోచింగ్ కేంద్రాలు గుర్తుకు వస్తాయి. వాటిని మేము తీసివేయము. పోటీ పరీక్షలకు అవి ఉపకరిస్తున్నవి. కాని రుసుము కట్టినవానికే అక్కడ చోటు. వందలమంది కూర్చున్న హాలులో మన పిల్లవాని బలహీనమైన కాలు ఏదో చూచే తీరిక ఎవరికి ఉంటుంది? ఆ పని ముందుగా ఇక్కడే, పేరుపెట్టి పిలిచే చోటనే జరుగవలె.

దీనికి నిధులెక్కడివని పెద్దలు అడుగవచ్చును. మేము భవనం అడుగుట లేదు. వారానికి ఒక గంట అడుగుచున్నాము. ఒక్కొక్క అధ్యాపకునికి 15 మంది విద్యార్థులను అప్పగించండి. ఆ గంటలో పాఠం చెప్పరాదు. ప్రతివాడూ లేచి మాట్లాడవలె, ఒక దరఖాస్తు వ్రాసి దిద్దించుకోవలె, ఎక్కడ తడబడినాడో ఒక పుస్తకంలో వ్రాసుకోవలె. రెండు వారాలు రాని విద్యార్థి ఇంటికి అధ్యాపకుడు కబురు పంపవలె. ఏడాదికొకసారి ఉద్యోగాలలో ఉన్న పూర్వ విద్యార్థులు వచ్చి మాదిరి ఇంటర్వ్యూ నడుపవలె. ఇట్లా చేస్తే పిల్లలు పరాధీనులవుతారని కొందరి సందేహము. ఈత నేర్పేవాడు చేయి ఎప్పుడు పట్టవలెనో ఎరుగును, ఎప్పుడు వదలవలెనో కూడా ఎరుగును.

విద్యార్థులారా, మీకొక మాట. మీ బలహీనమైన కాలు ఏదో మాకంటె మీకే బాగా తెలుసును. ఒకరికి ఇంగ్లీషు, ఒకరికి లెక్కలు, ఒకరికి సభాపిరికితనము. దానిని దాచుకొని మూడేళ్ళు గడిపితే, తెలియనివారి ముందు అది బయటపడి తీరుతుంది. మా ఎదుట తడబడుటలో తప్పులేదు. తడబడుటకే ఈ స్థలము ఉన్నది.

ఆనాడు వచ్చిన విద్యార్థిని మేము పది వారాలపాటు సాయంత్రాలు మా ఎదుట నిలబెట్టి మాట్లాడించాము. మొదటి వారం రెండు నిమిషాలు నిండలేదు. పదవ వారం ఆపమన్నా ఆపలేదు. అతడు ఇప్పుడొక పాఠశాలలో ఉపాధ్యాయుడు. మొన్న కనిపించి, తన తరగతిలో రోజుకొక పిల్లవానిచేత ఊరి కబుర్లు చెప్పిస్తున్నానన్నాడు. ఆ పది వారాలు అతడు మా వద్ద చదువుతున్న మూడేళ్ళలోనే దొరికి ఉండవలసినవి. రాబోయే విద్యా సంవత్సరపు కాలక్రమ పట్టికలో ఆ ఒక్క గంటను చేర్చవలసిందిగా పాలకవర్గాన్ని మనవి చేస్తున్నాము. మొదటి 15 మంది పేర్లు మాకు ఇవ్వండి.