మిస్సమ్మకు కొత్త సెట్టు నచ్చలేదు!

1975లో ఉత్తమ నటుడిగా ఆస్కార్ ఎవరందుకున్నారో చెప్పండి చూద్దాం! 'గాడ్ ఫాదర్' రెండో భాగంలో చేసిన అల్ పచినో అంటారా? కాదు. 'చైనా టౌన్' హీరో జాక్ నికల్సన్? ఊహూఁ... ఆయనా కాదు. వాళ్ళిద్దర్నీ దాటుకుని బహుమతి ఎగరేసుకుపోయిన నటుడు ఆర్ట్ కార్నీ. సినిమా పేరు 'హ్యారీ అండ్ టోంటో' (1974). హ్యారీ ఓ రిటైరైన మేష్టారు. టోంటో ఆయన పెంచుకునే ముసలి పిల్లి. న్యూయార్క్‌లో తామున్న బిల్డింగు కూల్చేస్తుంటే, ఆ పిల్లిని వెంటబెట్టుకుని దేశం మీద పడతాడాయన.

అందులో ఓ సీనుంది. బస్సులో పోతుంటే టోంటోకి 'ఒకటికి' వస్తుంది. హ్యారీ బస్సు ఆపించి, డ్రైవరు చిరాకు పడుతున్నా లెక్కచెయ్యకుండా పిల్లితో సహా దిగిపోతాడు. చూసేవాళ్ళు నవ్వుకునే సీనే. నేనూ నవ్వాను... మొన్న మొన్నటిదాకా!

మొన్న ఏం జరిగిందంటారా? చెబుతా వినండి.

మా ఇంట్లో ఓ పిల్లి ఉంది. వయసు 14 ఏళ్ళు. పేరు మిస్సమ్మ. ఎవరి మాటా వినదు, ముక్కు మీదే కోపం. అందుకే సావిత్రి సినిమా పేరు పెట్టింది మా అమ్మ. తెనాలిలో పెంకుటిల్లున్న రోజుల్లో దానికి పెరడంతా బాత్రూమే! రెండేళ్ళ క్రితం విజయవాడలో ఫ్లాటుకి మారాం. పెరడు లేదు కదా, పాత ప్లాస్టిక్ టబ్బులో ఇసకా, తెనాలి నుంచి తెచ్చిన పెరటి మట్టీ పోసి బాల్కనీలో పెట్టాం. పేచీ లేకుండా వాడుకుంది.

ఈ మధ్య ఓ వ్యాసానికి నాలుగు డబ్బులొచ్చాయి. 'పాపం మిస్సమ్మకి ఏదైనా కొందాం' అనిపించింది. పైన మూత, ముందు తలుపు, ఎత్తైన గోడలు... మల్లెపూల వాసనొచ్చే లిట్టరుతో సహా పెద్ద బాక్సు కొనుక్కొచ్చాను. పాత టబ్బుని ఆ సాయంత్రమే పాత సామాన్లవాడికి పది రూపాయలకి అమ్మేశాను.

మర్నాడు పొద్దున్న అన్నయ్య ఇస్త్రీ చొక్కా తడిసింది. ఆ మర్నాడు సోఫా. మూడోరోజు... వద్దులెండి, మీరు టిఫిన్ చేస్తూ చదువుతుంటారు!

"దీనికి మతి పోయిందిరా," అన్నాడు అన్నయ్య. "గోనెసంచిలో వేసి చేపల మార్కెట్ దగ్గర వదిలేద్దాం. ఏదో ఒకటి తిని బతుకుతుంది."

నేను నోరు తెరిచేలోగా అమ్మ అంది, తాపీగా. "నాకు మోకాళ్ళు పట్టేశాయని నేల బాత్రూం తీసేసి కమోడ్ పెట్టించారు కదరా మీరిద్దరూ. అదీ నాలాంటి ముసల్దే కదా. గోడ దూకి లోపలికి పొమ్మంటున్నారు. దూకలేకపోతే మార్కెట్టా? మరి నన్నెక్కడ వదుల్తారు?"

అన్నయ్య మాట్లాడితే ఒట్టు!

ఆ సాయంత్రమే మిస్సమ్మని పశువుల డాక్టరు గారి దగ్గరకి తీసుకెళ్ళాం. ఆయన మూత్రం పరీక్ష చేయించి, ఎక్స్‌రే తీయించి, "కీళ్ళవాతం" అన్నారు. నాకు ఆశ్చర్యం. కుంటడం లేదు, అరవడం లేదు, మరి నొప్పేమిటి? పిల్లి నొప్పిని దాచుకుంటుందట. 2002లో అమెరికా పశువైద్యులు 12 ఏళ్ళు దాటిన 100 పిల్లుల ఎక్స్‌రేలు చూస్తే, 90 పిల్లుల కీళ్ళలో అరుగుదల కనిపించింది!

అంచేత పాఠక మిత్రులారా, మొదటి మాట ఇదే. ముసలి పిల్లి బాక్సు మానేస్తే ముందు డాక్టరు, ఆ తర్వాతే కోపం. కీళ్ళే కాదు... కిడ్నీ జబ్బు, షుగరు, మూత్రంలో ఇన్ఫెక్షను, ఏదైనా కావచ్చు. ముఖ్యంగా మగపిల్లి మాటిమాటికీ బాక్సులో కూర్చుని ముక్కుతూ, చుక్క కూడా రాకపోతే తెల్లారేదాకా ఆగకండి. మూత్రం దారి మూసుకుపోతే ఒకటి రెండు రోజుల్లో ప్రాణం పోతుంది. ఇంకోటి... నొప్పి కదా అని మనం మింగే పారాసిటమాల్ పెట్టకండి. పిల్లికి అది విషం. సగం బిళ్ళ చాలు, ప్రాణం తీయడానికి.

సరే, మందులు మొదలయ్యాయి. మరి బాక్సు సంగతి? డాక్టరు గారు నవ్వి, "ఒకేసారి ఎన్ని మార్చారో లెక్కపెట్టండి," అన్నారు. లెక్కపెట్టాను. బాక్సు మారింది, ఇసక మారింది, వాసన మారింది, పైన మూత వచ్చింది. పాతది మాయమైంది. నెత్తి మీద ఒకేసారి ఐదు పిడుగులు! "పాతది తీయకండి. కొత్తది పక్కన పెట్టండి. ఒక్కొక్కటిగా మార్చండి," అన్నారు. మొత్తం కిటుకంతా ఈ మూడు ముక్కల్లోనే ఉంది.

పరుగెత్తాను పాత సామాన్లవాడి దగ్గరకి. పది రూపాయలకి అమ్మిన టబ్బుని ముప్ఫై ఇచ్చి మళ్ళీ కొనుక్కొచ్చాను! పాత చోటే, పాత ఇసకతోనే పెట్టాం. వాసన చూసింది, దిగింది, పని కానిచ్చింది. ఇల్లంతా ఊపిరి పీల్చుకుంది.

ఇక కొత్త బాక్సు. మూత ఊడదీశాను. ముందు గోడని మూడంగుళాల ఎత్తు మిగిలేలా కోసి, అంచులు గీసుకోకుండా గరుక్కాయితంతో రుద్ది టేపు వేశాను. ముసలి కాళ్ళు ఎక్కాల్సిన పని లేకుండా అడుగేస్తే చాలన్నమాట. బాక్సు పొడవు పిల్లి ముక్కు దగ్గర్నుంచి తోక మొదలు దాకా ఉన్న పొడవుకి ఒకటిన్నర రెట్లుండాలి. లోపల హాయిగా చుట్టూ తిరగాలి కదా.

మల్లెపూల లిట్టరు ఏమైందంటారా? పారబోశాను. ఆ సువాసన మన ముక్కుల కోసం పెట్టింది, పిల్లి కోసం కాదు. మనిషికంటే ఎన్నో రెట్లు వాసన పసిగట్టే జంతువది. అసలీ లిట్టరు కథ కూడా తమాషాగా ఉంటుంది. 1947 దాకా అమెరికాలోనూ పిల్లులకి ఇసకా, బూడిదే! ఆ ఏడు ఎడ్వర్డ్ లోవ్ అనే ఆయన, పిల్లికి బూడిద పోసి విసిగిపోయిన పొరుగింటావిడకి, తేమ పీల్చే మట్టి గుళికలు ఇచ్చాడు. అది పెద్ద వ్యాపారమైంది. ఇప్పుడు తడి తగిలితే ఉండ కట్టే రకానికి వాడే బెంటొనైట్ మట్టి మన గుజరాత్‌లోని కచ్‌లోనే దొరుకుతుంది. పిల్లి పూర్వీకులు ఎండు నేలల్లో తిరిగిన అడవిపిల్లులు. అందుకే మెత్తటి, సన్నటి, వాసన లేని ఇసకలాంటిదైతే దాని కాళ్ళకి సుఖం.

నేను చేసింది ఇదీ: కొత్త బాక్సులో ముప్పాతిక పాత ఇసక, పావు కొత్త లిట్టరు. పైన పాత టబ్బులోంచి తడిసిన ఇసక గుప్పెడు. అంటే 'ఇది నీదేనమ్మా' అని బోర్డు పెట్టినట్టు! రెండు మూడు రోజులకోసారి కొత్తది కాస్త పెంచుతూ వచ్చాను. రోజూ రెండుసార్లు శుభ్రం చేశాను. అన్నం గిన్నెకి దూరంగా, గడగడలాడే వాషింగ్ మిషనుకి ఇంకా దూరంగా పెట్టాం. తడిపిన చోట ఫినాయిలు చల్లబోతే డాక్టరు గారు వద్దన్నారు. ఫినాయిలు పిల్లికి హాని, అమ్మోనియా కలిసిన క్లీనరైతే మూత్రం వాసనలాగే ఉండి 'మళ్ళీ ఇక్కడే రా' అని పిలుస్తుంది. ఎంజైము క్లీనరు వాడమన్నారు. తిట్టడం, ముక్కు నేలకేసి రుద్దడం బొత్తిగా పనికిరాదు. దానికి అర్థమయ్యేది ఒక్కటే... మీరంటే భయం.

వారమైంది. మిస్సమ్మ కొత్త బాక్సు వంక చూడనైనా లేదు. పదో రోజు లోపల ఓ కాలు పెట్టి తీసేసింది. పదకొండో రోజు రాత్రి రెండు గంటలకి బాల్కనీలోంచి గరగరమని ఇసక గీకుతున్న చప్పుడు! లేచి చూద్దును కదా, అప్పటికే అమ్మా, అన్నయ్యా తలుపు సందులోంచి తొంగి చూస్తున్నారు. "ష్‌ష్..." అన్నాడు అన్నయ్య నాకేసి వేలు చూపించి. మిస్సమ్మ కొత్త బాక్సులోనే ఉంది!

మర్నాడు అన్నయ్య ఆఫీసు నుంచి వస్తూ చిన్న బెడ్‌లైటొకటి తెచ్చాడు. "ముసలి కళ్ళు కదరా, చీకట్లో కనబడదు," అంటూ బాల్కనీలో తనే బిగించాడు. చేపల మార్కెట్ మాట నేనెత్తలేదు. ఆయనా ఎత్తలేదు. పాత టబ్బు ఇప్పటికీ కొత్త బాక్సు పక్కనే ఉంది. ఎన్ని పిల్లులుంటే వాటికంటే ఒక బాక్సు ఎక్కువుండాలన్నది వైద్యులు చెప్పే లెక్క. మాకు అలా కలిసొచ్చింది!

మీ ఇంట్లోనూ ఓ ముసలి మిస్సమ్మో, టోంటోనో ఉండే ఉంటుంది. ఎవరైనా గోనెసంచి తీస్తే ఒక్కసారి ఆ బస్సు సీను గుర్తుచేసుకోండి. హ్యారీ మేష్టారి ప్రయాణం ఆగింది, డ్రైవరు విసుక్కున్నాడు. అయినా ఆయన బస్సునే వదులుకున్నాడు గాని, పిల్లిని కాదు!