మొదటి శబ్దం మన డప్పుదే కావాలి

బాన్సువాడ వైపు పెళ్లి బరాతైనా, వినాయక నిమజ్జనమైనా డీజే పాట లేకుండా కదలడం అరుదు. జానపదానికి తీన్మార్ దరువు కలిపి మిక్స్ చేసేవాళ్లలో చాలామంది ఏ సంగీత పాఠశాల గడపా తొక్కనివాళ్లే. ఈ పని సరదాగా నేర్చుకోవాలనుకునే పిల్లలకు ముందుగా చెప్పేదొకటి: కీబోర్డు కోసం, స్పీకర్ల కోసం అప్పు చేయొద్దు. పాత ల్యాప్‌టాప్, ఒక మంచి హెడ్‌ఫోన్ చాలు. పాటలు కట్టే సాఫ్ట్‌వేర్లలో ఎల్ఎంఎంఎస్ పూర్తిగా ఉచితం. ఎఫ్ఎల్ స్టూడియో ట్రయల్‌లో పాట చేసి ఫైలుగా తీసుకోవచ్చు గానీ, సేవ్ చేసిన ప్రాజెక్టు లైసెన్సు కొనేదాకా మళ్లీ తెరుచుకోదు. అసలు మాట శబ్దాల గురించి. నెట్‌లో దొరికే ప్యాకుల్లోని డ్రమ్ములే అందరూ వాడితే బాన్సువాడ పాటా బెర్లిన్ పాటా ఒక్కలాగే మోగుతాయి. డప్పు కొట్టే పెద్దాయన దగ్గరికి పోండి. అడిగి, ఇవ్వాల్సింది ఇచ్చి, ఫోన్‌లోనే రికార్డు చేయండి: మంటకు కాచకముందు ఒకసారి, తోలు బిగిశాక ఒకసారి, డప్పు కొట్టే రెండు పుల్లల్లో సిర్ర దెబ్బ వేరుగా, చిటికెన పుల్ల దెబ్బ వేరుగా. వాటిని తెరమీద పేర్చేటప్పుడు ఒక చిక్కొస్తుంది. అక్కడ మామూలుగా ఉండేవి 16 గళ్లు, ఒక్కో బీటుకు 4. మూడేసిగా ఊగే దరువు అందులో కూర్చోదు, కుంటుతుంది. గళ్లను 12 చేయండి, కొన్ని దెబ్బల్ని గీత నుంచి కాస్త వెనక్కి జరపండి. ఎంత జరపాలో ఆ పెద్దాయనకే వినిపించి అడగండి, పాట కింద ఆయన పేరు రాయండి.